క్రియ వచ్చేదాకా

2013 ఆగస్టు 19, సోమవారం

అభియోగం ఇది: స్వరాజ్యం నిప్పు పెట్టింది, తలుపేసుకుని పారిపోయింది.

ఈ వాక్యం శ్రావణ్‌కుమార్‌ది. మా కాలేజీ వక్తృత్వ సంఘానికి కార్యదర్శి. ఇవాళ క్యాంటీన్‌లో నలుగురూ వింటుండగా అన్నాడు. అక్కడే ఖండించి ఉండవలసింది. గొంతు పెగలక కాదు. సమోసాలు తింటున్న జనం ముందు నా వాదాన్ని పారబోయడం ఇష్టం లేక ఊరుకున్నాను. కాబట్టి ఇక్కడ ఖండిస్తున్నాను. ఈ కాగితానికి లైకులు లేవు, కామెంట్లు లేవు. ప్రతివాది లేని వేదిక నాకు కొత్త. అయినా సరే.

ఒకటి. పారిపోవడం వేరు, నిష్క్రమించడం వేరు. పారిపోయే మనిషి వెనక్కి తిరిగి చూస్తుంది. నేను చూడలేదు. నిన్న ఫేస్‌బుక్ ఖాతా మూసేశాను. మూసే ముందు ఆ యంత్రం కారణం అడిగింది. ‘ఇది తాత్కాలికం, తిరిగి వస్తాను’ అన్నచోట గీటు పెట్టాను. అప్పుడది స్నేహితుల ఫొటోలు వరుసగా పేర్చి, వీళ్ళంతా నీకోసం బెంగపడతారు అంది. మొదటి ఫొటో సంయుక్తది. యంత్రాలకు వ్యంగ్యం తెలియదని ఎవరన్నారు?

రెండు. నిప్పు పెట్టింది నేను కాదు. వాస్తవాలు ఇవి. పంద్రాగస్టు నాడు కాలేజీలో మాట్లాడాను. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టూ ఎవరి పొలం రోడ్డయింది, ఎవరి చెట్టు కూలింది అన్నది విషయం. మా బాపు అనంతయ్య ఈత చెట్లెక్కి కల్లు గీసిన మనిషి అనీ, ఆ చెట్లు రోడ్డు కింద పోయాక విమానాశ్రయం పార్కింగులో కార్లకు చీటీలు ఇస్తున్నాడనీ వేదిక మీద చెప్పాను. జాలి కోసం కాదు, సాక్ష్యంగా. శ్రావణ్ దాన్ని వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఈ నెలలో హైదరాబాదులో ఎవరు ఏమి మాట్లాడినా అది రాష్ట్ర విభజన గురించే అయి తీరుతుంది. వీడియో కింద జనం మూగారు. “kallu ekkuvaindi” అని ఒకడు. “kallu batch” అని ఇంకొకడు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు, ముఖం లేని పౌరుషం.

వాళ్ళను నేను లెక్కచేయలేదు. శనివారం సాయంత్రం బస్సులో ఉండగా నా ఫోనుకు ఫేస్‌బుక్ నుంచి ఒక సందేశం వచ్చింది. నీ వీడియో కింద సంయుక్త ఇలా రాసింది, అని. నా ఫోను తెర అగ్గిపెట్టెంత. దాంట్లో పట్టినంత మేరకు కనిపించింది: “Nee speech chustunte mee nanna kallu”

నీ ప్రసంగం చూస్తుంటే మీ నాన్న కల్లు.

ఆ బండవాళ్ళు కాదు. సంయుక్త. నా జోడీ. రెండేళ్ళుగా ఏ పోటీకి వెళ్ళినా ముందు మాట్లాడేది ఆమె, వెనుక ఖండించేది నేను. మా ఇంట్లో మా అవ్వ, వాళ్ళ భాషలో అమ్మ, చేతి అన్నం తిన్న మనిషి. ఆ కోస్తా నాలుక చివరికి అక్కడికే చేరింది.

ఆరాంఘర్ చౌరస్తాలో బస్సెక్కినదాన్ని, మా ఊరు సాతంరాయిలో దిగేలోపే సమాధానం రాసి పెట్టేశాను. ఏమి రాశానో ఇక్కడ మళ్ళీ రాయనవసరం లేదు. అందరికీ తెలుసు.

నిప్పు ఎవరు పెట్టినట్టు?


ఆగస్టు 20

చూడలేదు.

బొటనవేలు దానంతటదే ఫోను మీద పాత చోటికి పోతోంది. అది వేలి బుద్ధిహీనత, నాది కాదు.


ఆగస్టు 21, బుధవారం

సంయుక్త కాలేజీకి రావడం లేదు.

ఫస్టియర్ పిల్లలు ఆమె పేరును కొత్తగా పలుకుతున్నారు. లైబ్రరీ మెట్ల దగ్గర ఒకడు “స-స-సంయుక్త యాడికి పోయింది?” అంటే, ఇంకొకడు “స-స-సెలవు పెట్టింది” అన్నాడు. మెట్లంతా నవ్వు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి చప్పట్లు కొట్టాడు. “మస్తు పెట్టినవ్ అక్కా! ఒక్క పోస్టుతోని ఫినిష్!”

ఇక రాయక తప్పదు. నేను పెట్టింది ఇది: మా బాపు కల్లు సంగతి తరువాత, ముందు నీ నత్తి సంగతి చూసుకో, Sa-sa-samyuktha.

ఆమెకు నత్తి ఉన్నదని కాలేజీలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉంచడానికి ఆమె పడే శ్రమ కూడా నాకే తెలుసు. కష్టమైన మాట రాబోతుంటే ముందే పసిగట్టి, ఆగి, దానికి పర్యాయపదం వెతుక్కుంటుంది. జనం ఆ ఆగడాన్ని గాంభీర్యం అనుకుంటారు; న్యాయనిర్ణేతలు మార్కులు కూడా వేస్తారు. ప్రతి పోటీకి ముందు ఇద్దరం ఆమె స్కూటీ మీద విమానాశ్రయం ప్రహరీగోడ వెంట ఉన్న మట్టిరోడ్డుకు పోయేవాళ్ళం. విమానం లేస్తున్న హోరులో ఆమె తన ప్రసంగాన్ని అరిచి చెప్పుకునేది. ఆ హోరులో నత్తి రాదు. తన గొంతు తనకు వినపడకపోతే నాలుక బెదరదట. విమానం దూరమయ్యాక మళ్ళీ ఏదో ఒక అక్షరం దగ్గర ఇరుక్కునేది. అప్పుడు నేను ఆ మాట అందించేదాన్ని.

ఒక విషయం గమనించాలి. నేను అబద్ధం రాయలేదు. నింద అనేది అబద్ధానికి వర్తిస్తుంది. ఆమె మా బాపు వృత్తిని ఎగతాళి చేసింది, నేను ఉన్న సంగతి చెప్పాను. తూకం సరిపోయింది.

కానీ ఆ చప్పట్లు కొట్టిన వెధవకు నేను అక్కను కాను.


ఆగస్టు 23, శుక్రవారం

రామచంద్రయ్య సార్ పిలిచారు. మాకు రాజనీతిశాస్త్రం చెబుతారు, వక్తృత్వ సంఘానికి పెద్ద. అంతర కళాశాలల పోటీ తుది ఘట్టం సెప్టెంబరు 6న, మా హాల్లోనే. విషయం: ‘సామాజిక మాధ్యమాలు యువతకు ఆలోచన నేర్పాయి.’ మేము వ్యతిరేక పక్షం. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. జోడీలో ఒకరు రాకపోతే జోడీ మొత్తం పోటీలో లేనట్టే. మరొకరిని పెట్టుకోవడం కుదరదు.

“వస్తున్నరా, లేదా?”

“నేను వస్తాను సార్.”

“నేను అడిగింది బహువచనమమ్మా.”

బయటికి వచ్చాను. వరండాలో శ్రావణ్ పట్టుకున్నాడు.

“స్వరాజ్, జర ఆగు. సంయుక్త కామెంట్ నువ్వు మొత్తం...”

“చదవవలసినంత చదివాను.”

“గది కాదు. ఆమె మీ బాపు గురించి ఏం రాసిందంటే...”

“మా బాపు గురించి నాకు నువ్వు చెప్పకు.”

“అరే, నన్ను చెప్పనియ్యవా! గది కల్లు కాదేమో అంటున్న. వాళ్ళ దిక్కు గట్ల...”

“శ్రావణ్. మా ఇంట్లో చెట్టు నుంచి దిగేది కల్లు. ముఖాన ఉండేవి కండ్లు. ఈ రెంటి మధ్య నా జన్మలో పొరపాటు రాలేదు.”

“నీ జన్మల రాలే. ఆమె జన్మల...” అని మధ్యలోనే ఆగి, రెండు చేతులూ జోడించాడు. “నీతోని మాట్లాడుడంటే నడుస్తున్న మిక్సీల చెయ్యి పెట్టుడే. ఒక్క సారీ పోస్టు పెట్టు, ఖతమైతది. లేకుంటే ఇదో, సదువుకో.” ఫోను తీసి ఆ కామెంట్ తెరవబోయాడు.

చెయ్యి అడ్డం పెట్టాను. నేను నిష్క్రమించాను. నిష్క్రమించిన మనిషి ఇతరుల ఫోనులో తొంగిచూడటం దొడ్డిదారి. సూత్రం సూత్రమే.

అతను నా చేతి వంక చూసి, “సూత్రమా, భయమా?” అన్నాడు.

రెండో పదానికి నిర్వచనం చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. ఈ వాదం నేను గెలిచాను.


ఆగస్టు 25, ఆదివారం

బాపుకు ఇవాళ సెలవు. వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు.

“గా సంయుక్త పిల్ల వస్తలేదేంది బిడ్డా? పోయిన ఆదివారం గూడ రాలే.”

“పనుందట.”

“పనా, పంచాయితా?”

“బాపూ, నన్ను చదువుకోనీ.”

“సదువుకో, నేనొద్దన్ననా. పొద్దటిసంది గదే పేజీ సదువుతున్నవ్ గని.”

లోపలినుంచి అవ్వ అందుకుంది. “ఫోన్ బందువెట్టినసంది ఇంట్ల దయ్యం తిరిగినట్టున్నది. అల్మారి తీస్తది, మూస్తది. బియ్యం డబ్బా గూడ తీసి చూసిందయ్యా! ఫోనే పట్టుకోరాదే తల్లీ, మాకు పరేషాన్ తప్పుతది.”

బాపు నవ్వాడు. తరువాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. “మొదటిసారి వచ్చినప్పుడు గా పిల్ల నాకు నమస్తే చెప్పనీకి ఎంత తండ్లాడింది! ‘న’ కాడనే ఆగింది. నువ్వేమో నడుమల దూరి, ‘నమస్తే అంటోంది బాపూ’ అన్నవ్. నాకు తెల్వదా? చేతులు జోడిచ్చుకొని నిలవడ్డ మనిషి ఇంకేమంటది, లొట్టి కల్లు పొయ్యమంటదా?”

“సాయం చేశాను.”

“చెట్టెక్కెటోన్ని కిందికెళ్ళి నూకుతె సాయమైతదా?”

బాపు వినే పద్ధతి ఒకటుంది. ఇన్నేళ్ళు చెట్ల తలలు చూసి చూసి ఎర్రజీరలు దిగిన చూపు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే ఆ చూపు వచ్చి అక్కడ కూర్చుంటుంది. మాట అయిపోయేదాకా రెప్ప వాలదు. అయిపోయాక కూడా, ఇంకేమైనా మిగిలిందేమోనని కాసేపు ఉంటుంది. చిన్నప్పటినుంచీ నాకు అది విసుగు. నేను చెప్పేది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆయన ఇంకా వింటూనే ఉంటాడు.

ఇది ఎందుకు రాశానో తెలియదు. విషయానికి సంబంధం లేదు.


ఆగస్టు 27

పొద్దున్నుంచి తలలో స్టేటస్‌లు తయారవుతున్నాయి. ఒకటి: ‘మౌనం అంగీకారమని తీర్పు చెప్పేవాళ్ళు మూగవాళ్ళ ఊరికి న్యాయమూర్తులుగా వెళ్ళాలి.’ బాగుంది. కనీసం వందమంది మెచ్చుకునేవారు. ఎవరికీ చెప్పకుండా ఉండలేక అన్నం తింటూ అవ్వకు చెప్పాను.

“చారు పోస్కో” అంది.


ఆగస్టు 28, బుధవారం

కృష్ణాష్టమి, సెలవు. రాజేంద్రనగర్ వెళ్ళాను. సంయుక్త వాళ్ళ కాలనీకి. క్షమాపణకు కాదు. సెప్టెంబరు 6 గురించి స్పష్టత కోసం.

గేటు నుంచి గుమ్మం దాకా ముగ్గుపిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేసి ఉన్నాయి. తొక్కకుండా పక్కనుంచి నడిచాను. తలుపు తీసింది వసుంధర ఆంటీ, సంయుక్త తల్లి. ఈమె నన్ను “స్వరాజ్యం తల్లీ, ఇంకొంచెం పప్పు వేసుకోవే” అన్న మనిషి.

“ఎవరు కావాలండీ?”

“ఆంటీ, నేను... సంయుక్తతో మాట్లాడాలి.”

“మాట్లాడాలా? మా అమ్మాయి మాట్లాడటం మానేసిందండీ. కాలేజీలో సరే, ఇంట్లో కూడా. పచ్చడి కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తోంది. వాళ్ళ నాన్నగారు ఆఫీసు నుంచి రాగానే దాని ముందు కూర్చుని ఒక్క మాట, ఒక్క మాట అని బతిమాలుతున్నారు.” ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులభంగా ఉండేది. “మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదు, ఉన్నదే రాశారు. నాలుగో తరగతిలో పిల్లలు దాన్ని ఇదే పేరుతో ఏడిపిస్తే బడి మార్చాం. ఇప్పుడెక్కడికి మార్చమంటారో మీరే చెప్పండి. బాగా చదువుకున్నవారు.”

“తను కూడా మా బాపు గురించి...”

“మీ నాన్నగారి గురించా?” నిజంగానే ఆశ్చర్యపోయింది. “మీ ఇంటికి వచ్చినప్పటినుంచీ దానికి మీ నాన్నగారి జపమే కదండీ. ‘ఆయన దగ్గర నాకు భయం వేయదమ్మా’ అనేది. వాళ్ళ నాన్నగారు ఉడుక్కునేవారు కూడా, నేనేం తక్కువ చేశానే అని.”

నేను గేటు వైపు తిరిగాను.

“ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి.”

తాగాను. నన్ను తిట్టి పంపినా ఇంత దూరంగా పంపినట్టు ఉండేది కాదు. ఆ ఇంట్లో నేను ‘మీరు’ అయిపోయాను.


ఆగస్టు 29

శంషాబాద్ బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చున్నాను. పేరు కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను. నొక్కలేదు.

కరెంటు పోయింది అని రాసుకోవచ్చు. పోలేదు.


ఆగస్టు 31, శనివారం

నొక్కాను.

ఈ డైరీలో ఆ వాక్యాన్ని నేను పూర్తిగా రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు. తెలియకుండా ఉండటానికే ఖాతా మూసేశాననీ, దానికి నిష్క్రమణ అని పేరు పెట్టుకున్నాననీ శ్రావణ్ అడిగిన రోజే నాకు తెలుసు. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

“Nee speech chustunte mee nanna kallu gurtochayi. Acham ade choopu. Nenu agipoyina chota avi kuda agi vintayi.”

నీ ప్రసంగం చూస్తుంటే మీ నాన్న కళ్ళు గుర్తొచ్చాయి. అచ్చం అదే చూపు. నేను ఆగిపోయిన చోట అవి కూడా ఆగి వింటాయి.

గుర్తొచ్చాయి. కల్లు అయితే గుర్తొచ్చింది అనాలి, ఏకవచనం. కళ్ళు కనుక గుర్తొచ్చాయి. బడిపిల్లలకు తెలిసిన వ్యాకరణం. మేము కండ్లు అంటాం, వాళ్ళు కళ్ళు అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ళ కళ్ళూ మా కల్లూ ఒకటే. ఇది నాకు తెలియనిది కాదు. నేను రాసే తెలుగులో, చదివే తెలుగులో కళ్ళే ఉన్నాయి. అయినా ఆ బస్సులో నాకు కావలసింది కల్లు. అందుకని అదే కనిపించింది. అంతకుముందు రెండు రోజులుగా ముఖం లేనివాళ్ళు అన్నదానికి ముఖం ఉన్న మనిషి ఒకరు దొరకాలి. సంయుక్త దొరికింది.

తెలుగు వాక్యంలో తీర్పు చివర ఉంటుంది. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అని అంతా చెప్పి, ఆఖరున క్రియ వచ్చి ఔనో కాదో తేలుస్తుంది. నేను తీర్పు రాకముందే శిక్ష అమలు చేశాను.

ఇంకొక సంగతి. ఖాతా మూసి ఉన్నంతకాలం నా పోస్టు ఎవరికీ కనపడలేదు. నేను లోపలికి వెళ్ళగానే అదీ లేచి కూర్చుంది. క్రియ చదువుతుండగానే దాని కింద కొత్త లైకులు. “Akka is back” అని ఎవడో. తుడిచేశాను. కానీ దాన్ని ఫొటో తీసి పంచుకున్నవాళ్ళు ఎందరో. నేను తుడిచింది నా ప్రతిని మాత్రమే.

మళ్ళీ మూసేశాను. మళ్ళీ కారణం అడిగింది. ఈసారి ‘ఇతర కారణాలు’ అన్నచోట గీటు పెడితే, వివరించమని ఖాళీ పెట్టె చూపించింది.

‘చదవడం రాక’ అని రాశాను.


సెప్టెంబరు 1

గుర్తొచ్చాయి.


సెప్టెంబరు 3, మంగళవారం

సాయంత్రం ప్రహరీగోడ వెంట నడిచాను. సంయుక్త స్కూటీ అక్కడ ఉంది. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. నన్ను చూసి కదలలేదు.

“చదవకుండా రాశాను” అన్నాను. ఆ ఒక్క వాక్యమే తయారు చేసుకుని వెళ్ళాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకొక పని మోపినట్టే.

ఆమె విన్నదో లేదో తెలియదు. వేలు పైకెత్తి ఆగమంది. గోడ అవతల ఇంజను హోరు మొదలైంది. విమానం లేచి మా తలల మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు నావైపు తిరిగి మాట్లాడింది. మాట్లాడటం కాదు, అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. చేతులు ఊగాయి. ఎక్కడా ఆగలేదు. వాక్యం వెంట వాక్యం, ధారగా. నాకు ఒక్క అక్షరం వినపడలేదు. నా పేరు మాత్రం పెదవుల మీద కనిపించింది, నాలుగైదుసార్లు.

విమానం పోయింది. హోరు తగ్గింది. ఆమె రొప్పుతోంది.

“విన్నావా?”

“వినపడలేదు.”

“ఇంకోసారి చ... చ...”

చెప్పను. ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది. రెండేళ్ళ అలవాటు. పళ్ళు బిగించాను. ఎంతసేపో. గోడ మీద కాకి వచ్చి వాలి, ఎగిరిపోయింది. నేను ఆమెను చూస్తూ నిలబడ్డాను. బాపు ఎలా చేస్తాడో గాని, అది చాలా కష్టమైన పని.

“చ... చెప్పను” అంది.

“సరే.”

“శుక్రవారం వస్తాను. నీ కోసం కాదు. ఆ మొ... మొదటి ప్రసంగం నాది. దాన్ని నీ పోస్టుకు వదిలేయను.” స్కూటీ ఎక్కింది. “నువ్వు ప్రేమగా ఉన్నప్పుడు కూడా నా మాట నువ్వే చెప్పేసేదానివి స్వరాజ్యం. కోపంలో కూడా అదే చేశావు.”

వెళ్ళిపోయింది. నేను సాతంరాయి దాకా నడిచాను.


సెప్టెంబరు 6, శుక్రవారం

ఫలితం ముందు రాస్తాను. మా జోడీని తొలగించారు. కారణం: మొదటి వక్త సమయంలో రెండవ వక్త లేచి సభను ఉద్దేశించి మాట్లాడటం. నిబంధన సరైనది. నేను అప్పీలు చేయను.

హాలు నిండింది. బాపు పార్కింగు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు, ఒంటిమీద ఆ యూనిఫాం చొక్కాతోనే. సంయుక్తను పిలిచారు. మైకు దగ్గరకు వెళ్ళింది. ఎప్పుడూ ఆమె ‘గౌరవనీయులైన అధ్యక్షులకు’ అని మొదలుపెడుతుంది. ‘గ’ ఆమెను ఎన్నడూ మోసం చేయలేదు. ఇవాళ అది వదిలేసింది. ‘సభకు నమస్కారం’ అని మొదలుపెట్టడానికి నిశ్చయించుకుంది. రెండు మాటలూ ఆమెకు శత్రువులే. కావాలనే ఎంచుకుంది.

“స...”

ఆగింది.

“స...”

వెనుక బెంచీల్లోంచి ఒకడు అందుకున్నాడు. “స-స-స!” ఇంకొకరు. తరువాత చప్పట్లు, తాళం వేసి. శ్రావణ్ లేచి “అరే, బందు జెయ్యిర్రి బే!” అని అరిచాడు. ఎవరూ ఆపలేదు. ఫోన్లు పైకి లేచాయి, వీడియోలకు. సంయుక్త మైకును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. దిగలేదు. నాలుక ఆ ‘స’ మీదే ఉంది.

నేను లేచాను.

నేను మాట్లాడి కూర్చున్నాక హాలు ఊరుకుంది. సిగ్గుపడిందో, విస్తుపోయిందో చెప్పలేను. రామచంద్రయ్య సార్ మమ్మల్ని తొలగిస్తున్నట్టు ప్రకటించి, “అయినా మొదటి వక్త మాట్లాడదలిస్తే సభ వింటుంది” అన్నారు. సంయుక్త మాట్లాడింది. పన్నెండుచోట్లో, ఇరవైచోట్లో ఆగింది. గంట మోగినా ఆపలేదు. సార్ రెండో గంట కొట్టలేదు. చివరి క్రియ పలికి, కాగితం మడిచి, దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

మెచ్చుకుంటుందని నేను అనుకోలేదని రాస్తే అది అబద్ధం.

“కాపాడటానికే కావచ్చు. మళ్ళీ నా వాక్యం మధ్యలోనే దూరావు” అంది. ఒక్కచోట కూడా తడబడలేదు.

ఈ వాక్యాన్ని ఖండించకుండా రాసుకుంటున్నాను.

బస్టాపులో బాపు అడిగాడు. “గెలిచిర్రా?”

“తీసేశారు బాపూ.”

“మంచిగైంది. ఇగ రేపటిసంది ఫోన్ పట్టుకుంటవా మల్ల?”

“ఇప్పుడే కాదు.”

“మీ అవ్వకు చెప్పకు. బియ్యం డబ్బాకు తాళమేస్తది.”

నేను లేచి అన్న మాటలను శ్రావణ్ వీడియో తీశాడట. పెట్టవద్దన్నాను. ముక్క చేసి పంచుకుంటారు, చివర ఉండదు. అందుకని ఇక్కడ, మొదటినుంచి చివరిదాకా:

“ఈ పేరును ఇలా పలకడం మీకు నేర్పింది నేను. అది నా రాత, నా నేరం. కాబట్టి వెక్కిరించదలిస్తే ఇటు తిరగండి. నాకు నత్తి లేదు, వెంటనే జవాబు చెప్పగలను, మీకు వినోదం తక్కువ కాదు. ఆమె మీదే నవ్వుతామంటే, వెనుక బెంచీల చీకటిలోంచి కాదు, ఇంగ్లీషు అక్షరాల చాటునుంచి కాదు, లేచి నిలబడి, మీ పూర్తి పేరు చెప్పి, ఆమె ముఖం చూస్తూ నవ్వండి. లేవండి. ఒక్కరైనా.

లేవరా? అయితే ఆ ఫోన్లు జేబుల్లో పెట్టండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఆమె వాక్యం మొదలుపెట్టింది. అది తెలుగు వాక్యం, దాని అర్థం చివర ఉంటుంది. అది వచ్చేదాకా నేను ఆగలేదు. మీరు ఆగండి. మాట అందించవద్దు, ఊహించవద్దు, నవ్వవద్దు, జాలిపడవద్దు. ఎంతసేపు పట్టినా సరే, కళ్ళు ఆమె మీద పెట్టి, క్రియ వచ్చేదాకా ఆగండి.”